తడి రంగు ముట్టొద్దు

రైలు రాని ఊళ్లో రైలింజను పేలిందంటే కడప వాళ్లు మొదట నమ్మలేదు. బద్వేలుకు పట్టాలెక్కడివి, ఇంజనెక్కడిది అని నవ్వుకున్నారు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. కర్నూలు రాజధాని అయి ఏడాది గడిచినా బద్వేలు మనిషి రైలు మొహం చూడాలంటే బస్సెక్కి కడప పోవలసిందే. ఆ దుగ్ధతోనే ఓబులేసు రెడ్డి తన నిమ్మతోట చుట్టూ జానెడు వెడల్పున పట్టాలు పరిచాడు. వయసులో గుంతకల్లు ఇంజన్ల షెడ్డులో పనిచేసి, తండ్రి పోయాక పొలం చూసుకోవడానికి తిరిగొచ్చిన మనిషి. పొలం చూసిందెంతో గాని, రాగిరేకు వంచి, ఇత్తడి పోత పోయించి, పొట్టేలంత ఇంజను ఒకటి తయారుచేశాడు. ఆటబొమ్మ కాదు. నిజం బొగ్గు, నిజం నీళ్లు, నిజం ఆవిరి. వెనక పెట్టెల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని లాగడానికి చేసింది.

దానికి రంగు వేసినవాడు శివన్న. బస్సుల మీద పేర్లు రాసే శివన్న అంటే ఆ రోడ్డు పొడుగునా తెలుసు. ఆకుపచ్చ ఒళ్లు, నల్ల పొగగొట్టం, అంచులకు బంగారు గీతలు. ఓబులేసు ఇంజను చేస్తే శివన్న దాన్ని రైలింజను చేశాడని ఊళ్లో అనేవాళ్లు. దసరానాడు ఊరందరి ముందూ నడపాలనుకున్నారు. పొద్దున్నే నిప్పు వేశారు. నడవకముందే పేలింది. పక్కన నిలబడి ఉన్న శివన్న మొహాన వేడి ఆవిరి కొట్టింది.

కిందటి వారం మనం కడప ఆసుపత్రిలో ఆగాం. డాక్టరు కట్టు విప్పగానే శివన్న, "ఇంగా తెల్లారలేదా?" అని అడిగాడు. అప్పటికి పొద్దు నడినెత్తికెక్కి ఉంది.

ఆ మాట విన్నప్పటినుంచి శివన్న పెండ్లాం భీమక్క ఎత్తిన నోరు దించలేదు. భీమక్కది ఆదోని పక్క. మాటలో కొంచెం కన్నడం, మనసులో కొంచెం మొండితనం పుట్టింటినుంచే తెచ్చుకుంది. ఓబులేసు చేతులు పడిపోవాలంది. వాడి తోట ఎండిపోవాలంది. బాయి దగ్గర, అంగడి దగ్గర, ఆఖరికి గుడిమెట్ల మీద కూడా, "అతుకు సరిగ్గా వేసే శాతగాక నా మొగుని కండ్లు తీసినాడు" అని దుమ్మెత్తి పోసింది. కుండకు మూకుడుంది గాని లోకుల నోటికి మూకుడు లేదు. ఊరు కూడా ఆమె మాటే పట్టుకుంది. ఓబులేసు ఒక్కసారి కూడా కాదనలేదు. కాదనకపోతే ఔననే గదా అర్థం!

ఇవ్వాళ మధ్యాహ్నం సర్కిల్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. శివన్న లేవలేడు కాబట్టి ఇంటి దగ్గరే విచారణ. భీమక్క ఏం చెబితే అదే రాసుకుంటాడు. రాసుకున్నాక ఓబులేసుకు జైలు, పట్టాలకు గునపం. భీమక్క ఈ రోజుకోసమే కాచుకుని ఉంది.

పొద్దున మంచం మీదినుంచి శివన్న, "మే, నా కుంచెలు తెచ్చియ్యి" అన్నాడు.

"కుంచెలతో ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. పట్టుకుంటా."

భీమక్క లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరువాత మొహం కడుక్కుని నిమ్మతోట దారి పట్టింది.

తోటలో రేకుల షెడ్డు తలుపు తెరిచే ఉంది. ఓబులేసు కింద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. ముందు ఇంజను తునకలున్నాయి. పొట్ట చీలిన రాగి గొట్టం, వంగిన చక్రం, పొగగొట్టంలో సగం. ఆకుపచ్చ రంగు కాలి పెచ్చులుగా లేచింది గాని ఒకచోట బంగారు గీత మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ గీత చూడగానే భీమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె నీడ పడగానే ఓబులేసు చేతిలోదేదో పక్కనున్న గోనెసంచి కిందికి తోశాడు.

"మాయన కుంచెల కోసరం వచ్చినా," అంది భీమక్క. "ఏం దాస్తాండావు?"

"ఏం లేదక్కా. కుంచెలు ఆ గూట్లో ఉండాయి. తీసుకో."

"సంచి కింద ఏముండాది?"

"ఇనుపముక్క. నీకెందుకక్కా అది."

"నాకెందుకా? నా మొగుని కండ్లు పోయె, నాకెందుకంటావా?" భీమక్క గొంతు తోటంతా వినిపించింది. "మద్యాన్నం సారు వస్తాండాడని ముందుగాల్నే మాయం చేస్తాండావా? చేసిన పాపం సంచి కింద దాగుతుందా రెడ్డీ?"

"పాపం నాదే అంటాండా గదా. ఇంక దాచేదేముండాది? పో అక్కా, నీకు దండం పెడతా."

దండం పెట్టినవాణ్ణి నమ్మే స్థితిలో లేదు భీమక్క. ఒక్క ఊపున సంచి లాగింది. కింద గుప్పెడంత ఇత్తడి ముక్క ఉంది. గుండ్రటి బుడిపె, దానిమీద వేలెడు పొడుగు అడ్డకమ్మి. బురద కడిగినా సందుల్లో మట్టి అలాగే ఉంది. నిన్న కాలవలో గడ్డి కోసేవాళ్లకు దొరికిందట. పేలినప్పుడు అంతదూరం ఎగిరిపడింది.

"అక్కా, దాన్ని ఈడ పెట్టు!" ఓబులేసు లేచి నిలబడ్డాడు. అతని గొంతులో భయం విని భీమక్కకు బలం వచ్చింది. దొరికాడు దొంగ అనుకుంది.

"పెట్టను. సారు చేతిలోనే పెడతా. యాడ అతుకు వదిలిందో ఆ సారే చూస్తాడు."

"వద్దక్కా. నా మాట విను. బయటికి పోవద్దు."

అతను తలుపుకు అడ్డం వచ్చేలోగా ఆమె వాకిట్లోకి వచ్చేసింది. ఎండలో ఆ ముక్కను తిప్పి చూసింది. అతుకు కోసం వెతికింది. అతుకు కనిపించలేదు. అడ్డకమ్మి చుట్టూ, కమ్మిని కింది బుడిపెకు కలిపి బిగించినట్టు, నల్లగా కాలిన దారం చుట్లు కనిపించాయి. గోటితో గీకింది. లోపల దారం పసుపుపచ్చగా ఉంది. చుట్ల మధ్య మాడిన పసుపు కొమ్ము ముక్క ఇరుక్కుని ఉంది.

ముడి చూసింది. మెలివేసి, వెనక్కి తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. అది ఆదోనిలో వాళ్లమ్మ వేసే ముడి. బద్వేలులో ఆ ముడి వేయడం తనకు తప్ప ఇంకెవరికీ రాదని భీమక్క ఎన్నిసార్లు గొప్ప చెప్పుకుందో!

కంకణం. తను కట్టిన కంకణం.

మహర్నవమి సాయంత్రం కళ్లముందుకొచ్చింది. పుట్టింట్లో నవమినాడు పనిముట్లన్నిటికీ పసుపుదారం కంకణం కట్టేవాళ్లు. కొడవలికి, మగ్గానికి, తిరగలికి, అన్నిటికీ. మరునాడు బన్నిచెట్టుకు, అంటే జమ్మిచెట్టుకు, మొక్కి వచ్చేదాకా దాన్ని విప్పకూడదు. కట్టినచెయ్యే విప్పాలి. మధ్యలో తెంపితే ఆ పనిముట్టుతో బతికేవాడికి కీడు. తన మొగుడు అన్నాళ్లు కష్టపడిన ఇంజనుకు కంకణం లేకపోతే ఎట్లా అని పసుపు, కుంకుమ, తడిదారం పళ్లెంలో పెట్టుకుని ఈ షెడ్డుకే వచ్చింది. శివన్న ఆఖరి పూత పూస్తున్నాడు.

"ఒమే, తడి రంగు ముట్టొద్దు! వేలు పడిందంటే నా పని గంగలో కలుస్తాది," అన్నాడు.

"ముట్టనులే. నీ రంగు నీ దగ్గరే పెట్టుకో," అంది నవ్వుతూ.

చక్రాలు తడి. ఒళ్లు తడి. పొగగొట్టం తడి. ఎక్కడ కట్టాలి? పైన బుడిపె మీద ఇత్తడి చెయ్యి ఒకటి కనబడింది. దానికి రంగు లేదు. చంటిపిల్ల మణికట్టంత ముద్దుగా తళతళలాడుతోంది. శివన్న అటు తిరిగి కుంచెలు కడుక్కుంటున్నాడు. ఇంజను ఉరుకుతుంటే ఊడిపోకూడదని బుడిపెకు కలిపి చుట్టు మీద చుట్టు వేసి, పంటితో కొస పట్టుకుని మరీ బిగించింది. తడిదారం ఆరితే ఇంకా బిగుస్తుందని కూడా అనుకుంది. తన తెలివికి తనే మురిసిపోయి ఇంటికి పోయింది.

"ఓబులేసప్పా," అంది భీమక్క. ఇన్నాళ్లకు నోటినుంచి ఆ పిలుపు వచ్చింది. "ఈ చెయ్యి పనేంది?"

"ఉత్త సోకుకక్కా అది. రైలింజనుకు ఉంటాది గదా, అందుకని నేనూ..."

"అబద్దం చెప్పొద్దు. దీని పనేంది?"

ఓబులేసు గడపమీద కూలబడ్డాడు.  తోటలో ఎవరో నీళ్లు మళ్లిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల ఆవిరి ఎక్కువైతే అది పైకి లేస్తాది," అన్నాడు చివరికి. "లేచి, ఎచ్చు ఆవిరిని బయటికి ఇడుస్తాది. షెడ్డులో దాన్ని సేఫ్టీ అంటారు. అది లేస్తాండంతవరకు బాయిలరు పగలదు."

"లేవకపోతే?"

 జవాబు అతని వెనక నేలమీద తునకలుగా పడి ఉంది.

 భీమక్క ఎండలోనే మట్టిలో కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరి చేతులు పడిపోవాలని తిట్టింది? ఏ చేతులు? ఒళ్లో ఉన్న తన రెండు చేతులూ చూసుకుంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు. వస్తే బాగుండేది.

"నా చేత్తో కట్టినా గదప్పా. మాయనకు మంచి జరగాలని కట్టినా."

"నాకు తెలుసక్కా."

"ఎప్పటినుంచి తెలుసు?"

"నిన్న దొరికినప్పుడే. కడిగి చూస్తే పసుపు కొమ్ము కనబడె. ఈ ఊర్లో ఇనుముకు కంకణం కట్టేటోల్లు నువ్వు గాక ఇంకెవరుండారు?"

"మరి నిన్ననే ఊరంతా పిలిచి చూపీలేదే? నీమీద ఇంత మన్ను పోసినా గదా! నా మొగాన కొట్టి చెప్పలేదే?"

"చెప్తే శివన్న కండ్లొస్తాయా?" ఓబులేసు నేల చూస్తూ అన్నాడు. "నిప్పేసింది నేను. దసరా పొద్దున బంతిపూల దండలు నిండుగా ఏసినాము. వాటి కింద ఏముండాదో ఎత్తి చూడాల్సింది నేను. చూడలేదు. శివన్నను ఆవిరి చూపించే ముల్లు చూస్తాండు అని చెప్పి, పెద్దమనుషులు వచ్చినారంటే గేటుకాడికి ఉరికినా. నిప్పుమీద ఇంజన్ను ఇడిసి పోయేటోడు ఏం ఇంజనోడక్కా? తప్పు నాది కాదని ఏ మొగంతో చెప్పేది?"

"బాయిలో పడతా," అంది భీమక్క. బెదిరింపు కాదది. అంగడికి పోయొస్తా అన్నంత మామూలుగా అంది.

ఓబులేసు చివ్వున తలెత్తాడు. "పడు. పడి సుకంగా పో. ఆయప్పకు సంగటి ముద్ద నోటికందిచ్చేది ఎవరు? గోడ ఎట్లుండాదో, గడప ఎట్లుండాదో చెప్పేది ఎవరు? ఇప్పుడు ఆయనకుండే కండ్లు నువ్వే. అవి గూడా తీస్తావా?"

ఆ మాటకు వచ్చింది ఏడుపు. మట్టిలో తల ఆనించి ఏడ్చింది. ఓబులేసు ఓదార్చలేదు. ఓదార్చే అర్హత తనకు లేదనుకున్నాడో ఏమో, పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఏడుపు సన్నగిల్లాక చెయ్యి చాచాడు.

"ఆ దారం ఇట్లియ్యి. కొలిమిలో పడేస్తా. అతుకు సరిగా పడలేదని సారుతో నేనే చెప్తా. నువ్వు రోజూ చెప్తాండిందే గదా. కొత్తగా నేర్సుకోవాల్సిందేమీ లేదు."

"జైలుకు పోతావప్పా."

"పోతా."

"పట్టాలు పీకేస్తారు."

 ఓబులేసు నిమ్మచెట్ల మధ్య వంపు తిరిగిన పట్టాలవైపు ఒకసారి చూశాడు. "పీకనీ," అన్నాడు.

"శివన్నకు తెలిస్తే..." అని మళ్లీ తనే అన్నాడు. "కండ్లు తీసింది పెండ్లామని తెలిసినంక, ఆ పెండ్లాం చెయ్యి పట్టుకోనే దొడ్డికి గూడా పోవల్ల. దినామూ. అది ఆలోచించక్కా."

భీమక్క అదే ఆలోచిస్తూ లేచింది. గూట్లో కుంచెలు గుడ్డలో చుట్టుకుంది. దారం మాత్రం ఇవ్వలేదు. ఇత్తడి ముక్క అతని ముందు పెట్టి, దారం పుల్లలా విరిగి వస్తే ఆ తునకల్ని కొంగున ముడి వేసుకుంది. అతను అడ్డుచెప్పలేదు.

ఇంటిదాకా ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు. దారిలో ఎవరో, "సారుకు గట్టిగా చెప్పు భీమక్కా, ఇడిసిపెట్టొద్దు," అన్నారు. తల ఊపింది. చెబితే మొగుడు పోతాడు. మనిషి పోడు, మనసు పోతుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని మనిషి తన పాపానికి జైలుకు పోతాడు. ఎటు చూసినా గొయ్యే కనబడింది. దేవుడనేవాడు మంచికోసం ముడివేసిన దారంలో ఇంత కీడు ఎందుకు పెట్టాడని అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తోచలేదు.

ఇంటిముందు జీపు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టరు అరుగుమీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీధిలో జనం మూగారు. ఓబులేసు అడ్డదారిన సైకిలు మీద ముందే వచ్చి, గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమెవైపు చూడలేదు.

భీమక్క లోపలికి పోయి కుంచెల మూట మంచం మీద పెట్టింది. శివన్న లేచి కూర్చున్నాడు. మొహమంతా ఎర్రటి మచ్చలు, రెప్పలు అతుక్కుపోయాయి. కుడిచేతికి కట్టు ఇంకా తీయలేదు. ఎడమచేత్తోనే గుడ్డ విప్పి, ఒక్కో కుంచె కుచ్చును చెంపకు ఆనించుకున్నాడు.

"ఇది గీతల కుంచె," అన్నాడు. మొహంలో ఏదో వెలుగులాంటిది వచ్చి పోయింది. "మే, ఏడ్చినావా? గొంతు రాలేదేంది?"

"లేదు. ఎండ."

బయటినుంచి పిలుపు వచ్చింది. భీమక్క గడప దాటి అరుగుమీద నిలబడింది.

"ఏమయ్యా రెడ్డీ, నువ్వు చెప్పు ముందు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎందుకు పేలింది?"

"అతుకు సరిగా పడలేదు సార్. పని నాది. తప్పు నాదే," అన్నాడు ఓబులేసు, బాగా వల్లె వేసుకొచ్చిన పాఠంలాగా.

జనంలోనుంచి, "అబ్బ, ఒప్పుకున్నాడ్రా!" అన్నారెవరో. ఇన్‌స్పెక్టరు ఆ మాట రాయించుకుని భీమక్కవైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వూ ఇదే చెబుతున్నావని విన్నాను. అంతేనా? ఔనంటే వేలిముద్ర వేద్దువు."

ఒక్క ఔను. ఇన్నాళ్లుగా ఊరి మొగాన అరిచి అరిచి అరిగిపోయిన మాటే. ఎదురింటి వాళ్లు, బాయి దగ్గరివాళ్లు, అందరూ ఆమె నోటికేసి చూస్తున్నారు. ఓబులేసు తల అడ్డంగా ఆడించాడు, వద్దు అన్నట్టు. భీమక్క నోరు తెరిచింది. మూసింది. ఇంకోసారి తెరిచింది.

"కాదు సారూ," అంది.

రాసేవాడి కలం ఆగింది.

"ఏది కాదమ్మా?"

భీమక్క చెయ్యి కొంగుముడి మీదికి పోయింది. అంతలో వెనక మంచం కిర్రుమంది. కుంచెలు నేలమీద చెల్లాచెదురుగా పడిన చప్పుడైంది. కడపనుంచి వచ్చాక ఒక్కరోజూ తనంతట తాను లేవని మనిషి గోడ తడుముకుంటూ, గడపకు కాలు తట్టుకుని తూలుతూ అరుగుమీదికి వచ్చాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి గాల్లోకి చాచి మనిషికోసం వెతికాడు. అది భీమక్క భుజానికి తగిలింది. అక్కడే ఆగింది.

"సారూ, దాని మాట వినొద్దు. దుక్కంలో దానికి మతి చెడిండాది," అన్నాడు శివన్న. "ఓబులేసును గూడా ఇడిసిపెట్టండి. ఆ ఇత్తడి చేతికి దారం కట్టింది నేనే."

భీమక్క కొంగుముడిని గుప్పిట్లో పట్టుకుంది. దారం మాట ఆమె ఇంకా ఎత్తనే లేదు.